ముద్రా? ముద్దా?

"రేపు పొద్దున తనిఖీకి వస్తున్నాం" అని కంపెనీలకు లైసెన్సులిచ్చే కమిషన్ ఆఫీసు నుంచి తెరె అనే అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అవతల ఫోనెత్తింది ఉపోకో పెద్దమ్మ. ఆవిడ కుడిచెవి ఎప్పుడో రిటైరైంది, ఎడమచెవి మనసైతేనే డ్యూటీకొస్తుంది. అంచేత ఆవిడకు "తినడానికి వస్తున్నాం" అని వినపడింది.

"రండి తల్లీ, అంతకంటేనా!" అని పెట్టేసింది.

సరిగ్గా వినపడి ఉన్నా ఆవిడ చేసే పని అదే అనుకోండి. రారొటోంగా ద్వీపంలో గడప తొక్కినవాళ్ళ కడుపు చూడకుండా పంపడం ఎవరికీ చేతకాదు.

మర్నాడు తెరె స్కూటర్ దిగి ఆఫీసులోకి వెళ్ళింది. అది పెద్దమ్మ కొడుకు తంగి నడిపే ట్రస్టు కంపెనీ. ఎక్కడెక్కడి వాళ్ళ ఆస్తులనో నమ్మకం మీద చూసిపెడుతుంది. బల్ల మీద ఫైళ్ళుండాల్సిన చోట కొబ్బరిపాలలో ఈదుతున్న చేపముక్కలు, చేమాకు కూర, నడుమ కాల్చిన పందిపిల్ల. అక్కడున్న కంపెనీ డైరెక్టర్లందరికన్నా అదే నిబ్బరంగా ఉంది. గోడవారన చర్చి పాటల బృందం ఆడవాళ్ళు పూలకిరీటాలతో గరిటెలు పట్టుకుని నిలబడ్డారు.

"ఇదేమిటి తంగీ?"

"తినడానికొస్తున్నావని అమ్మ చెప్పింది."

"తనిఖీ అన్నాను!"

"అయితే 'ఖీ' చెవి బయటే ఆగిపోయింది, 'తని' మాత్రం 'తిని' అయి లోపలికెళ్ళింది" అని తంగి తల పట్టుకున్నాడు.

కంపెనీ లైసెన్సు నిలవాలా వద్దా అన్నది ఈ తనిఖీతో తేలుతుంది. తెరె ఒంటరిగా చేస్తున్న మొదటి తనిఖీ కూడా ఇదే. తింటే, సాయంత్రానికి ద్వీపం చుట్టూ తిరిగే బస్సులో "లైసెన్సు కొబ్బరిపాలలో ఉడికిందట" అంటారు. తినకపోతే, తనను ఎత్తుకు పెంచిన పెద్దమ్మను పదిమందిలో కొట్టినట్టే.

ముందు పని కానిద్దామని పక్క బల్ల దగ్గర కూర్చుంది. చేతికొచ్చిన ఫైలల్లా తీసింది. "దీని వెనక అసలు మనిషెవరు? డబ్బెక్కడిది?" ప్రతిదానికీ తంగి దగ్గర జవాబుంది, జవాబుకు రుజువుంది.

"మరి ఇదెందుకు సగంలో ఆగింది?"

"పడవల కోటీశ్వరుడు. డబ్బెక్కడిదో చెప్పనన్నాడు. పడవ తిప్పుకో బాబూ అన్నాను."

తెరె తలెత్తలేదు గాని, వీపు దానంతటదే నిటారైంది. ఇంత చిన్న ద్వీపం అంత పెద్ద డబ్బుకు బయటికి దారి చూపించింది మరి!

ఆఖరి ఫైలు మూయగానే పెద్దమ్మ పళ్ళెంతో వచ్చింది. "అయింది కదా, తిను."

"వద్దు పెద్దమ్మా."

గరిటెలు ఆగిపోయాయి. పాడేవాళ్ళ నోళ్ళు పాట లేకుండానే తెరుచుకున్నాయి.

"నా చేతివంట వద్దా? నీకు పళ్ళు రాని రోజుల్నుంచీ తినిపించానే! అంటే మావాడు తప్పు చేశాడన్నమాట. లైసెన్సు పోయింది. అంతేగా?" పెద్దమ్మ పళ్ళెం ఇంకాస్త ముందుకు చాపింది.

తెరె తన సంచిలోంచి ఇంట్లో ఉడికించి తెచ్చుకున్న చేమదుంపలు తీసి, వచ్చి విందు బల్ల దగ్గరే కూర్చుంది. "నీ బల్ల వద్దనలేదు. ప్రార్థన నువ్వే చెప్పు, నా దుంపలకూ కలిపి." ఆ తర్వాత ఎడమచెవి వైపు వంగి గట్టిగా అంది. "ముద్ర వేసే చేత్తో ఈ ముద్ద తినకూడదు పెద్దమ్మా. రిపోర్టు నేనింకా రాయలేదు, ఏం రాస్తానో చెప్పకూడదు కూడా. కానీ రేపు మంచే రాశాననుకో, అది తంగి నిజాయితీ అనాలా జనం, నీ చేప మహిమ అనాలా?"

పెద్దమ్మ పళ్ళెం వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. పళ్ళేన్ని చటుక్కున వెనక్కి లాక్కుంది.

"చేప మహిమేమిటి! నా కొడుకు వాడి కాళ్ళ మీద నిలబడతాడు!" అని గోడవారకు తిరిగింది. "విన్నారటే? పిల్ల తిననిది వంట బాగాలేకా కాదు, మావాడు దొంగైనందుకూ కాదు. వాడి పేరు మీద నా కొబ్బరిపాల మరక పడకూడదని! బస్సులో ఎవరైనా అడిగితే ఇలాగే చెప్పండి. నాకు వినపడ్డట్టు కాదు, ఉన్నదున్నట్టు!"