బాట లేని ఇల్లు

జేసీబీ వచ్చి బాటను అడ్డంగా తెగ్గోసిందన్న కబురు రంగమ్మకు పత్తి చేనులో అందింది. ఫోను చేసింది కూతురు గీత.

"అమ్మా, చెన్నయ్య పటేలు మన బాటల గుంట తవ్విస్తుండు. కారు గాదు, మేక గూడ దాటది," అంది ఏడుపు ఆపుకుంటూ.

రంగమ్మ నడుముకు కట్టుకున్న పత్తి సంచి విప్పి అక్కడే పడేసింది. పద్దెనిమిది మంది ఆడవాళ్ల కూలి గుంపుకు పెద్ద ఆమె. ఏ చేనుకు పోవాలో, ఎప్పుడు దిగాలో, ఎప్పుడు గట్టెక్కాలో అంతా ఆమె నోటి మీదే నడుస్తుంది. ఆ పూట గుంపును చేనులోనే వదిలేసి గుంట వైపు నడిచింది.

ఆ బాట చివర గీత కొన్న ఇల్లు ధరూర్ మండలంలో, ఊరికి మూడు కిలోమీటర్ల అవతల, కృష్ణ ఒడ్డున ఉంది. చెన్నయ్య తమ్ముడు శివశంకర్ హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, సెలవులకు వచ్చి ఉండాలని సరదాపడి కట్టుకున్నాడు. కట్టిన కొన్నేళ్లకే సరదా తీరిపోయింది. పాములుంటాయని భార్య అటు తొంగి చూడనంది. అమ్ముతానని మొదట అన్ననే అడిగితే, "మా తాత భూమి నాకే అమ్ముతవారా?" అని చెన్నయ్య సగం ధర చెప్పి మీసం దువ్వుకున్నాడు. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే. శివశంకర్ మారుమాట్లాడకుండా వెళ్లి, అడిగిన ధర ఇస్తానన్న గీతకు రిజిస్ట్రీ చేసిచ్చాడు.

గీత పద్నాలుగేళ్లు హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో పనిచేసింది. మొదట గదుల్లో పక్క దుప్పట్లు మార్చింది, తర్వాత దుప్పట్లు మార్చేవాళ్ల మీద సూపర్‌వైజర్ అయింది. పట్నం జనానికి ఏం కావాలో ఆమెకు బాగా తెలుసు. యాప్‌లో ఇల్లు పెడితే రెండు రోజులకూ మూడు రోజులకూ అద్దెకు దిగుతారు, పొద్దున లేచి నీళ్లు చూసుకుంటారు, జొన్నరొట్టె, నాటుకోడి పెడితే పండగ చేసుకుంటారు. ఉన్న ఉద్యోగం మానేసి, దాచిందంతా ఊడ్చిపెట్టి, బ్యాంకు దగ్గర తలవంచి కొన్నది ఆ ఇల్లు. కిటికీలకు దోమల జాలీ దాకా అన్నీ ఆలోచించింది. ఒక్క బాట సంగతి ఆలోచించలేదు.

ఆలోచించకపోవడానికి కారణం ఉంది. ఇంటికి మూడు దిక్కులా చెన్నయ్య చేను, నాలుగో దిక్కు నది. కాగితంలో నాలుగు హద్దులూ ఉన్నాయి, బాట లేదు. అన్నదమ్ముల నడుమ బాటకు కాగితమేమిటని అప్పట్లో ఎవరూ రాయించలేదు. కొన్నాక తహసీల్దారు ఆఫీసుకు పోయి అడిగితే దరఖాస్తు ఇచ్చి వెళ్లమన్నారు. సర్వే ఎప్పుడంటే, వంతు వచ్చినప్పుడన్నారు.

ఈ శనివారం మొదటి బోణీ. హైదరాబాదు నుంచి ఒక కుటుంబం, మోకాళ్ల నొప్పుల ముసలామెతో సహా పన్నెండు మంది. వాళ్లు గుంట దగ్గర నుంచి తిరిగిపోతే యాప్‌లో ఏం రాస్తారో గీతకు తెలుసు. అది చదివాక ఇంకెవరూ రారు.

చెన్నయ్యకు ధర గురించి బాధ లేదు. తన చేలో కలుపు తీసిన రంగమ్మ, ఊరవతలి వాడలో చర్చి వెనక ఉండే రంగమ్మ, ఆమె కూతురు వచ్చి తన తమ్ముడి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవడం అతనికి మింగుడు పడలేదు. ఆ మాట పైకి అనలేడు. అంటే కేసవుతుంది. అందుకని అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు బాట మీద చూపించాడు.

రంగమ్మ వెళ్లేసరికి అతను గుంట గట్టు మీద నిలబడి మట్టి చూసుకుంటున్నాడు, ఏదో గుడి కట్టించినట్టు.

"పటేలా, బాట ఎందుకు తవ్వినవ్?"

"నా భూమి. బాయి తవ్వుకుంట, బొంద తవ్వుకుంట. నీకేంది?"

"మీ తమ్ముడు ఆరేండ్లు గిదే బాటల కారు నడిపిండు గద."

"వాడు నా తమ్ముడు. నువ్వెవతివే? లాడ్జి పెట్టాలనుంటే నీ బిడ్డను గద్వాల బస్టాండు కాడ పెట్టుకొమ్మను. నా చేన్లకెళ్లి పట్నమోళ్లను తోలుకొని పోతనంటే ఊకోను. రెక్కలు కట్టుకొని ఎగిరి పోండ్రి."

అని, తువ్వాలుతో మెడ తుడుచుకుని, అదే గొంతుతో అన్నాడు: "అది గట్లుండనియ్యి. పల్లి చేనుకు తడి పెట్టిన. బుధవారం పొద్దుగాల గుంపును తోలుకరా."

నిజంగానే అన్నాడు. ముఖంలో సిగ్గూ లేదు, తప్పు చేశానన్న జంకూ లేదు. ఇరవై ఏళ్లుగా రంగమ్మ గుంపే ఆ చేను పీకింది కాబట్టి, సూర్యుడు తూర్పున పొడిచినట్టు ఈసారీ పీకుతుందని అతని నమ్మకం. రంగమ్మకు ఒళ్లు భగ్గుమంది.

"రాము," అంది.

"రాక యాడికి పోతరే?" అని చెన్నయ్య నవ్వాడు.

ఆ సాయంత్రం రంగమ్మ తన అరుగు మీద ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి సంగతి చెప్పింది. శిల్ప అనే పిల్ల మెల్లగా, "మన కూలి గూడ పోతది గదత్తా," అంది.

"పోతది. అబద్ధమెందుకు చెప్త? నాగన్న చేన్ల మూడు దినాల పనున్నది, అది చేద్దాం. అటెనుక ఖాళీగుంటం. గుంటను చూసుకుంట ఆయన చేన్ల వంగేటోళ్లుంటే ఇప్పుడే చెప్పుండ్రి."

ఎవరూ చెప్పలేదు. అంతా రంగమ్మ మీద ప్రేమతోనే ఊరుకున్నారని కాదు. ఆ చేను గట్టున చెన్నయ్య నోట తిట్లు తినని మనిషి ఆ అరుగు మీద ఒక్కరూ లేరు.

పల్లి పీకుడు పత్తి ఏరుడు లాంటిది కాదు, రేపు మాపని వాయిదా వేయడానికి. తడి పెట్టాక నేల మెత్తగా ఉన్న మూడు నాలుగు రోజుల్లో పీకెయ్యాలి. బిగుసుకుందా, చెట్టు చేతికొస్తుంది, కాయ మట్టిలోనే ఉండిపోతుంది. మళ్లీ తడిపితే ముదిరిన కాయ మొలకెత్తుతుంది. ఇది చెన్నయ్యకు తెలియక కాదు. బుధవారం పొద్దెక్కినా గట్టు మీద ఒక్క మనిషీ కనిపించకపోయేసరికి అతని నవ్వు తగ్గింది.

మల్దకల్ వైపు నుంచి ఇంకో గుంపును ఆటోల్లో పిలిపించాడు. ఆ ఆడవాళ్లు దిగక ముందే, "ఈ చేను ఎప్పుడు ఎవరి గుంపు పీకుతది?" అని అడిగారు. రంగమ్మ గుంపని తెలియగానే ఆటోలు తిప్పించుకున్నారు. ఒక గుంపు అలిగిన చేనులో ఇంకో గుంపు కాలు పెట్టదు. పెడితే రేపు తాము పీకే చేనులోనూ వేరేవాళ్లు పెడతారు. వనపర్తిలో పీకే మిషను ఉందని ఫోను చేస్తే పది రోజుల దాకా వంతు లేదన్నారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు, ఇక్కడ తన్నింది పద్దెనిమిది మంది ఆడవాళ్లు.

గురువారం మధ్యాహ్నం చెన్నయ్య రంగమ్మ ఇంటి ముందు మోటర్‌సైకిల్ ఆపాడు. దిగలేదు. ఇంజనూ ఆపలేదు.

"శనివారం, ఆదివారం గుంట మీద ఇనుప పలకలు ఏపిస్త. మీ సుట్టాలు వచ్చిపోయిందాక. రేపు పొద్దుగాల గుంపును దించు."

గీత లోపలి నుంచి ఆశగా బయటికొచ్చింది. రంగమ్మ కూతురి వైపు చూడలేదు.

"రెండు దినాల బాట మాకెందుకు? కాయితం రాసియ్యి."

"నా మాట లేదా?"

"మాట మీద నడిచినందుకే గద గుంట కాడ ఆగినం."

చెన్నయ్య ముఖం నల్లబడింది. "నీకు నేను కాయితం రాసిచ్చుడా? పల్లి మట్టిల మురిగిపోనీ. మంచిగ మురిగిపోనీ!" అని, వీధి చివర కోళ్లు చెదిరిపోయేంత వేగంగా వెళ్లిపోయాడు.

గీత తల్లి మీద విరుచుకుపడింది. "రెండు దినాలన్న తెరిచేటోడు! మొదటోళ్లు మంచిగ రాసి పోయేటోళ్లు. నీ పంతం కోసం నా నోట్లె మన్ను కొట్టినవ్. ఆయనకు నీకు ఫరక్ ఏమున్నదమ్మా?"

చెన్నయ్య తిట్లన్నీ కలిపినా ఈ ఒక్క మాటంత తగల్లేదు. రంగమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. తప్పు చేశానేమోనని మొదటిసారి అనిపించింది, అలా అనిపించినందుకు చెన్నయ్య మీద ఇంకా కోపం వచ్చింది.

శుక్రవారం ఎండ వేళ వచ్చింది సత్తెమ్మ, చెన్నయ్య భార్య. ఇన్నేళ్లలో ఆమె ఆ వాడలో అడుగుపెట్టడం అదే మొదలు. చంకలో ప్లాస్టిక్ కవరు, కాళ్లకు ఆటో దుమ్ము.

"కూసో అక్కా," అంది రంగమ్మ.

"కూసునెతందుకు రాలే." కవరులోంచి బాండు పేపరు తీసి అరుగు మీద పెట్టింది. "బాట పోయేకాడ రెండెకరాలు నా పేరు మీదున్నయి. ఆడోళ్ల పేరుంటే లోను జల్ది వస్తదని మా ఆయన రాయించిండు, రాయించి మరిచిండు. గద్వాలల కాయితం రాయించిన. పన్నెండడుగుల బాట, ఎప్పటికీ. ఏలిముద్ర ఏసిన. నీ బిడ్డతోని చదివించుకో."

గీత చదివింది. రెండుసార్లు చదివి తలూపింది. రంగమ్మకు నమ్మబుద్ధి కాలేదు.

"గిది ఎందుకు చేస్తున్నవక్కా?"

"నీ మీద పావురం, ప్రేమ అనుకుంటున్నవా? నిన్ను జూస్తే ఇప్పటికి నాకు కడుపు మండుతది. మూడు దినాల సంది నా చేనును ఎండవెట్టినవ్. ఇత్తనం నేనేసిన. కలుపుల నడుము పడిపోయింది నాది. ఆయనకేంది, గట్టు మీద నిలవడి మొండికేస్తడు." ఆమె చేను దిక్కుగా వేలు చూపింది. "రేపు పొద్దుగాల నీ గుంపు చేన్ల ఉండాలె."

"గుంట పూడ్చినంక దిగుతం."

"ముందు దిగు. అటెనుక పూడ్పిస్త."

నమ్మకం అటూ లేదు, ఇటూ లేదు. చివరికి గీతే తేల్చింది: గుంటలో మొదటి తట్టెడు మట్టి పడిన నిమిషమే చేనులో మొదటి కాలు పడాలి. సత్తెమ్మ ఒప్పుకుని, ఇచ్చిన మంచినీళ్లు ముట్టకుండానే వెళ్లిపోయింది. రంగమ్మ ఆ చెంబు తీసుకెళ్లి గోడ పక్కన కుమ్మరించింది.

శనివారం పొద్దున ఆడవాళ్లంతా చేను గట్టున వరసగా నిలబడ్డారు. గుంట తవ్విన హరీషే జేసీబీ మీద మళ్లీ వచ్చాడు. చెన్నయ్య అందరికంటే ముందే వచ్చి, గుంట పక్కన మట్టికుప్ప మీద కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవడన్న గీ మన్ను ముట్టిండో, కాళ్లిరగ్గొడత," అన్నాడు.

హరీష్ ఇంజను ఆపేశాడు. గీత ఫోను మోగింది. పట్నం వాళ్లు గద్వాల దాటారట, ఇంకో గంటలో వస్తారట. రంగమ్మ మట్టికుప్ప మీది కర్ర వైపు చూసింది. అరుగు మీద పెట్టిన కాగితం ఇప్పుడు బీరువాలో ఉంది, దాని వల్ల ఈ కర్ర కిందికి దిగదు.

సత్తెమ్మ చేను మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చింది. మొగుడి ఎదురుగా ఆగింది.

"ఇంటికి పోవే," అన్నాడు చెన్నయ్య, ఆమె వైపు చూడకుండానే. "నా భూమి మీద పెత్తనం చేసెతందుకు నువ్వెవరు?"

సత్తెమ్మ గొంతు పెంచలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో గొంతు పెంచే అలవాటే ఆమెకు లేదు. పద్దెనిమిది మందికీ వినబడేటట్టు మాత్రం చెప్పింది.

"నువ్వు నిలవడ్డ జాగ గూడ నా పేరు మీదనే ఉన్నది. జరుగు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే అతనికి తిట్టడానికి ఎవరో ఒకరు దొరికేవాళ్లు. చెన్నయ్య తన కాళ్ల కిందికి చూసుకున్నాడు. తర్వాత హరీష్ వైపు, గీత వైపు, రంగమ్మ వైపు చూశాడు. రంగమ్మ కళ్లు దించలేదు.

అతను జరిగాడు. రెండడుగులు జరిగి ఆగబోయాడు. అదీ ఆమె భూమేనని గుర్తొచ్చిందో ఏమో, మళ్లీ కదిలి, గట్టు దాటే దాకా ఎక్కడా ఆగలేదు.