మా యాంటెనా, అందరి బొమ్మ

మా వాడలో చాలా ఇళ్లలో టీవీలు ఉండేవి గాని, బొమ్మ సరిగ్గా పట్టే యాంటెనా మా ఒక్క ఇంటికే ఉండేది. మా బాపు యాదగిరి నీళ్ల పైపుకు ఇంకో పైపు బిగించి, కొసకు దాన్ని కట్టి మిద్దె మీద నిలబెట్టాడు. పోచంపల్లిలో బస్సు దిగితే మొదట కనబడేది అదే. తక్కిన ఇళ్లలో టీవీ పెడితే పిండి చల్లినట్టు చుక్కలే.

ఒకరోజు ఎదురింటి లాల్ బీ వచ్చి గడపలో నిలబడింది.

"యాదగిరన్నా, మీ యాంటెనా కెల్లి మాకు జర ఒక వైరు ఇయ్యరాదె?"

"తీస్కపో చెల్లె. గాలిల వచ్చేదే గదా, మనదేం పోయింది?" అన్నాడు బాపు.

"గిట్ల అందరు గుంజుకుంటె బొమ్మ పల్చవడ్తది" అని అమ్మ గొణిగింది.

"పాలా, పల్చవడనీకి?"

లాల్ బీ ఇంటికి వైరు వేశాక బొమ్మ నిజంగానే కొంచెం పల్చబడింది. బాపు మాత్రం తన కళ్లు మసకబారాయన్నాడు.

ఆమె ఇంటి నుంచి వెనకింటికి, అక్కడి నుంచి పక్క వాడకు వైరు పోయింది. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారో మాకు తెలియదు. ఒక సాయంత్రం ఎన్నడూ చూడని మనిషి వచ్చి బాపు మీద గరమయ్యాడు.

"ఏందన్నా, బూస్టర్ బంద్ జేసి కూసున్నవ్? మా ఇంట్ల బొమ్మ పోయింది!"

"తప్పయింది తమ్మీ. నీది ఏ ఇల్లు?"

"పిండి గిర్ని ఎనుక."

"పిండి గిర్ని దాంక పోయిందా మన బొమ్మ!" అని అమ్మ నోరు తెరిచింది. ఆ రోజు నుంచి బాపు, బొమ్మకు బలమిచ్చే ఆ బూస్టర్ డబ్బాను ఆర్పడమే మానేశాడు.

అప్పటిదాకా నాకేమీ బాధ లేదు. తర్వాత మగ్గం నేత చూపిస్తామని హైదరాబాద్ నుంచి టీవీ వాళ్లు మా ఇంటికి వచ్చారు. బాపు దర్జాగా మాట్లాడాడు. నేను మూలన ఆసు చట్రం ముందు కూర్చుని, దాని మేకులకు నూలు చుడుతున్నాను. కెమెరా నా వైపు తిరిగింది.

"నీ పేరేంటి పాపా?" అని మైకు పట్టుకున్నావిడ అడిగింది.

నేను లేచి లోపలికి పరుగెత్తాను. నూలు కాలికి చుట్టుకుని, ఆసు దబ్బున పడి నా వెనకే ఈడ్చుకుంటూ వచ్చింది. ఆవిడ నవ్వి, "బాగుంది, ఇది తీసేయొద్దు" అన్నది.

గురువారం సాయంత్రం వేస్తామన్నారు. మా ఇంట్లో మాత్రమే వస్తే ఎట్లాగో ఓర్చుకునేదాన్ని. ఇప్పుడది పిండి గిర్ని దాకా పోతుంది. నాకు ముఖం తెలియని వాళ్లందరూ నా ముఖం చూస్తారు. బొమ్మ పల్చబడాలని ఆ వారమంతా మొక్కుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఎత్తుగా గడ్డి వేసుకుపోతున్న బండి, మా ఇంటికీ లాల్ బీ ఇంటికీ మధ్య వైరును తెంపుకుని పోయింది. నా ఆనందం ఎవరికీ చెప్పుకోలేదు. అది ఎంతోసేపు నిలవనూ లేదు. లాల్ బీ, పక్కింటి నర్సింగమ్మ కలిసి వైరు ముందేసుకుని కూర్చున్నారు. మగ్గం మీద పాత పడుగు పోగులకు కొత్త పోగులు అతకడంలో మా వాడ ఆడవాళ్లది గొప్ప చేయి. వేళ్లకు బూడిద అద్దుకుని, ముడి వేయకుండా పురి తిప్పి అతుకుతారు. వైరునూ అట్లాగే అతికారు. లోపలున్న రెండు తీగల కొసలన్నీ కలిపి ఒకే పురి పెట్టారు.

"అతుకు యాడున్నదో చూపియ్, చూస్త!" అన్నది నర్సింగమ్మ. నిజంగానే కనబడలేదు.

సాయంత్రం అన్ని టీవీల్లోనూ చుక్కలే. మా టీవీలోనూ అంతే. ఎవరెవరో మా మిద్దె ఎక్కి, పైపును తలా ఒక దిక్కు తిప్పారు.

"వచ్చిందా?"

"రాలే!"

"జర నల్గొండ దిక్కు తిప్పు!"

"బొమ్మ వచ్చేది హైదరాబాద్ కెల్లి. నల్గొండల నీ అత్తగారిల్లు ఉన్నది!"

అసలు సంగతి నాకు తెలుసు. మొదటి వైరు బిగించినప్పుడు మెకానిక్ దాని కొసలు నాకే పట్టించాడు. లోపలి రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే బొమ్మ రాదని చెప్పాడు. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే చాలు, కార్యక్రమం అయిపోతుంది.

బాపు ఇస్త్రీ అంగీ వేసుకుని టీవీ ముందు కూర్చున్నాడు. చుక్కల మీదికి వంగి తన ముఖం వెతుక్కుంటున్నాడు.

"గీ నల్లగున్నదే నా మగ్గం కావొచ్చు" అని అమ్మకు చూపించాడు.

"ఔ, గదే" అన్నది అమ్మ. బాపు మాటకు ఆమె అంత తొందరగా ఒప్పుకోవడం నేను ఎన్నడూ వినలేదు.

నేను మిద్దె ఎక్కాను.

"లాల్ బీ అత్తా! రెండు తీగెలు అంటొద్దు! అతుకు ఇప్పుండ్రి, ఏరేరుగ కట్టుండ్రి!"

"గంత మంచి అతుకు ఇప్పాల్నా?" అని నర్సింగమ్మ ఏడుపు గొంతుతో అన్నది. లాల్ బీ విప్పి, రెండు తీగలనూ వేరువేరుగా అతికింది.

"వచ్చింది! వచ్చింది!"

మిద్దె మీది వాళ్లంతా దబదబా దిగి ఇళ్లకు ఉరికారు. అన్ని చేతులు తిప్పిన పైపు వదులై ఊగుతున్నది. పట్టుకోవడానికి నేనొక్కదాన్నే మిగిలాను. నాకు బొమ్మ కనబడలేదు గాని, వాడంతా వినిపించింది.

"యాదగిరి మాట్లాడ్తాండు!"

"గదే అంగి! గదే అంగి తొడుక్కున్నడు!"

అంతలో మా ఇంట్లో, లాల్ బీ ఇంట్లో, దూరంగా పిండి గిర్ని దిక్కున ఒక్కసారే నవ్వులు లేచాయి.

"ఉరికింది! ఆసు ఎనుక వడ్డది సూడు!"

దాక్కుందామంటే పైపు వదలాలి. వదిలితే బాపు బొమ్మ పోతుంది. నుదురు పైపుకు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాను.

నవ్వులు తగ్గాయి. దూరపు మిద్దె మీద నుంచి, మా మిద్దె దిక్కు పిలుస్తూ ఒక ఆడగొంతు వినబడింది. ఎవరిదో నాకు తెలియదు.

"ఓ బిడ్డా! టీవీల ఆమె పేరడిగితె చెప్పకనే ఉరికితివి. ఏం పేరే నీది?"

చీకట్లో ఆమె ముఖం నాకు కనబడలేదు. నా ముఖమూ ఆమెకు కనబడదు. రెండు చేతులూ నోటి దగ్గర దోసిలిలా పెట్టుకుని గట్టిగా అరిచాను.

"లక్ష్మీనర్సమ్మ!"

పైపు మెల్లగా పక్కకు తిరిగింది.

"ఓ లక్ష్మీనర్సమ్మా!" తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ కలిసి కేకలు వేశారు. "పైపు ఇడ్శినవేందే, పట్టుకో!"