నూరుమందిలో రాణి పాదాలు

"ముఖం కనపడదు గదా? అయితే పండుకో" అన్నారు మా శ్రీవారు శేఖర్, పోయిన వేసవిలో, ఫోనులో.

ఆ రాజాజ్ఞకు పూర్వరంగం ఇది. అప్పుడు రామకుప్పం అడవి అంచున ఒక మధ్యయుగపు గాథను సినిమాగా తీస్తున్నారు. పుంగనూరులో తెలుగు పంతులమ్మనైన నన్ను, కథానాయికకు పాతకాలపు మాటలు పలికించడానికి సెలవుల్లో పిలిచారు. గాథలో మాంత్రికుడు రాణిని అపహరించి, ఆమెతో కలిపి నూరుమంది స్త్రీలను నల్లగుడ్డ కప్పి బండమీద పడుకోబెడతాడు. బయటికి కనిపించే పాదాలను బట్టి రాజు తన రాణిని గుర్తించాలి. తప్పితే తల పోతుంది. పగటి ఎండకు కాలిన బండమీద పడుకోవడానికి కథానాయిక సమ్మతించలేదు. దర్శకుడి చూపు నా పాదాలమీద పడింది. పగిలిన మడమలు, మా ఆవు గౌరి తొక్కితే గోరూడిన ఎడమ చిటికెనవేలు. చెరలో ఉన్న రాణికి ఇంతకు మించిన అలంకారం లేదన్నాడు. ఆ విధంగా, ముఖం మినహా, నేను మహారాణినయ్యాను. వీపు కాలుతున్నా, ఆ గుడ్డ కింద నన్నెవరూ ఏ పనికీ పిలవకపోవడం విచిత్రంగా, హాయిగా ఉండింది. నూరుమందిలో ఒకతెనని ఇంట్లో చెప్పాను గాని, రాణినని చెప్పలేదు.

ఇప్పుడు రెండో భాగానికి పిలుపు వచ్చింది. రెండు నెలలు కుప్పంలోనే ఉండాలి. బడిలో సెలవు దొరికింది, ఇంట్లో దొరకలేదు.

"ఆవునెవురు పిండేది? నాకు క్యారియరెవురు కట్టేది? రానని చెప్పేయ్" అన్నారాయన. నా సామ్రాజ్యపు ఎల్లలన్నీ రెండు ప్రశ్నల్లో ఇమిడిపోయాయి. నేను మనసులో ఒక పందెం వేసుకున్నాను. తెరమీద నా పాదాలను ఆయన గుర్తుపడితే ఉండిపోతాను, లేకుంటే వెళతాను. పెళ్లయినప్పటి నుంచీ ఆయన కళ్లెదుటే ఈ ఇల్లంతా తిరుగుతున్న పాదాలు. ఇంత సులువైన పరీక్ష ఏ మాంత్రికుడూ పెట్టి ఉండడు.

మొదటి భాగం ఆడుతున్న మదనపల్లె థియేటరులో మా అత్తగారు రామక్క నాకు ఒక పక్కన, ఆయన మరో పక్కన కూర్చున్నారు. తెరనిండా చీకటి, కాగడాలు. రాజు వరుస వెంట నడిచి, ఒకచోట ఆగాడు. నా పాదాలు గోపురమంత ఎత్తున లేచాయి. రాజు మోకరిల్లి భోరుమన్నాడు. శేఖర్ కళ్లు తుడుచుకున్నారు.

"మొగుడంటే అట్లుండల్ల! కాళ్లు సూసి కనుక్కున్నాడు సూడు."

"ఎవురి కాళ్లంటారు అవి?"

"ఇంకెవురివి, హీరోయిన్‌వే. మేకప్పులో మడమలు ఎంత బాగా పగలగొట్టినారో!"

ఇటుపక్క నుంచి ఒక గరుకు చెయ్యి నా చేతిమీద పడింది. "నీ కాలే గదమ్మీ అది" అన్నారు మా అత్తగారు నా చెవిలో. "గౌరి తొక్కిన దినం పసుపు అద్దింది నేను గాదా?"

గాథ ప్రకారం నన్ను గెలుచుకున్నది మా అత్తగారు.

మరునాడు పొద్దున కాఫీ అందుకుంటూ శేఖర్ అడిగారు. "కుప్పం వాళ్లకు రానని చెప్పేసినావా?"

"వస్తానని చెప్పినాను. సోమారం పోతాండాను."

"మరి గౌరిని పిండేదెవురు?"

మా అత్తగారు పాల బకెట్టు తెచ్చి ఆయన పాదాల ముందు పెట్టారు.

"పోయి దాని పక్కన కూసో. అదైనా నిన్ను గుర్తుపడ్తాదేమో సూస్తాం."