రెండో వరుస తూము

తిరుపతయ్య పొద్దున లేవగానే ముఖం కూడా కడగకుండా బావి దగ్గరికి వెళ్లి తొంగిచూస్తాడు. అంచు నుంచి కిందికి చెక్కుడురాళ్ల వరుసలు పన్నెండు. ఎన్ని వరుసలు ఆరి ఉన్నాయో చూసుకుని వచ్చి పొయ్యి వెలిగిస్తాడు. మూడో నాలుగో అయితే భార్య చేతులకు కాపడం పెట్టుకోవడానికి చెంబెడు వేడినీళ్లు చాలు. ఎనిమిదో తొమ్మిదో అయితే గుండిగ నిండా కావాలి, చాయ గ్లాసు కూడా తనే ఆమె నోటికి అందించాలి.

అతను పొయ్యి ఊదుతుండగా గోడ అవతల నుంచి కాంతమ్మ తల ఎత్తుతుంది. ఆమె వంకాయ తోటకు కూడా ఈ బావి నీళ్లే.

"అన్నా, వదినె ఎట్లుంది?"

"ఎనిమిది."

"అయితే నా వంకాయలకు ఇయ్యాల నీళ్లు లేనట్టే."

"లేవు. జర ఓపిక పట్టుమను వాటిని."

ఆ ఊరు బీచుపల్లికి ఎగువన, రాతినేల మీద ఉంది. గుట్టెక్కితే కృష్ణ కనబడుతుంది గానీ ఆ నీళ్లు గుట్టెక్కి రావు. అలాంటి చోట, అతని భార్య జములమ్మ కాపురానికి వచ్చిన ఏడాదే ఈ బావి నిండింది. రెండో వరుస అడుగున ఉన్న పాత తూములోంచి నీళ్లు వాటంతట అవే పల్లానికి పారాయి. ఊరికే పోతున్నాయి కదా అని ఆమె అక్కడ కనకాంబరాలు పెట్టింది. తెల్లారకముందే తెంపి, దారం కొస కాలి బొటనవేలికి తగిలించుకుని కూర్చునేది. నోటితో కాంతమ్మతో కొట్లాడుతూనే చేతులతో మూర మీద మూర అల్లేది. బీచుపల్లి గుడి ముందు పూల దుకాణాల వాళ్లు శనివారం నాడు ఆమె దండల కోసం బస్సుకు ఎదురొచ్చేవాళ్లు.

మూడేళ్ల కింద ఆమె వేళ్ల కణుపులు వాచాయి, తర్వాత మణికట్లు. బావిలో నీళ్లు దిగాయి. తూము ఎండిపోయింది. మోటారు బాగుచేయడానికి వచ్చినతను ముందు జములమ్మ కీళ్ల సంగతి అడిగి, తర్వాతే పైపు ఎంత కిందికి దించాలో చెప్పేవాడు. ఒక వానకాలం ఆమెకు వారం రోజులు జ్వరం వస్తే రెండు వరుసలు దిగి, జ్వరం తగ్గగానే మళ్లీ ఎక్కాయి. ఊళ్లో ఎవరికీ దీని గురించి మాట్లాడుకోవడానికి ఏమీ కనబడలేదు. ఆమెకు ఎట్లుందో తెలుసుకోవాలంటే బావిలోకి చూడటమే సులువు.

పూలు తిరుపతయ్య తెంపేవాడు. అల్లడం మాత్రం అతని చేత కాలేదు. ఒకరోజు జములమ్మ వంకర పోతున్న వేళ్లను ఒళ్లో పెట్టుకుని, "మిరుగు కార్తె రాంగనే ఆ మడి దున్నేయి. ఆముదాలు ఏస్తే వాటితోని చేతులకు పనుండదు," అంది. అతను సరే అన్నాడు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

దసరా తర్వాత కర్నూలు దవాఖానకు పోయారు. అప్పటికి బావిలో తొమ్మిది వరుసలు ఆరి ఉన్నాయి. నెత్తురు పరీక్షలు చేసి, ఇది కీళ్లవాతం, ఇంగ్లీషులో ఆర్ఏ అని డాక్టరమ్మ చెప్పింది. వారానికి ఒక్కసారి, ఆదివారం నాడు వేసుకునే గోలీ రాసింది. రోజూ మింగితే ప్రమాదమని మూడుసార్లు చెప్పి పంపింది.

ఫిబ్రవరిలో మళ్లీ పరీక్ష చేశారు. రిపోర్టులు చదవడం కూతురు స్వరూప పని. గద్వాలలో ఇంటర్ రెండో సంవత్సరం, లెక్కల్లో ఆ అమ్మాయికి ఎదురులేదు. కాయితం మీద ఒక్కో పరీక్షకు ఒక్కో గీత ఉంది. ఈఎస్ఆర్ అని ఒకటి, హిమోగ్లోబిన్ అని ఒకటి, ఆర్ఏ ఫ్యాక్టర్ అని ఒకటి. జబ్బు పేరే ఆర్ఏ కాబట్టి చూడాల్సింది ఆ గీతే అనుకుంది. అది దసరాకు నూట అరవై, ఇప్పుడు నూట యాభై ఆరు. ఇరవై లోపు ఉండాలని రాసి, పక్కన ఇంకా 'పాజిటివ్' అనే ఉంది. కర్నూలు నుంచి వచ్చే బస్సు కృష్ణ వంతెన దాటేలోపే ఆమె లెక్క తేల్చింది.

"అమ్మా, నాలుగు నెలలకు నాలుగు తగ్గింది. అంటే నెలకొకటి. ఇరవై కిందికి రావాలంటే నూట ముప్పై ఆరు నెలలు."

"అంటే?"

"పదకొండేండ్ల నాలుగు నెలలు."

లెక్కలో తప్పు లేదు. రెండుసార్లు సరిచూసింది కూడా.

ఆ పొద్దున జములమ్మ తన జడ తనే వేసుకుని బస్సెక్కింది. బావిలో నీళ్లు నాలుగో వరుస నడుమదాకా ఎక్కి ఉన్నాయి. అవేవీ ఆమెకు గుర్తు రాలేదు. ఆదివారం గోలీ మింగితే సోమవారమంతా కడుపులో తిప్పేది. పదకొండేళ్ల సోమవారాలు ఆమె కళ్ల ముందు వరుసగా నిలబడ్డాయి. తర్వాతి ఆదివారం గోలీని కొంగున ముడేసుకుని పల్లానికి పోయి, ఒక కనకాంబరం మొదట్లో పాతిపెట్టింది. ఆ తర్వాతి ఆదివారం ఇంకో మొదట్లో.

మొదట బావి ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా దిగసాగింది. మార్చి ఆఖరుకు ఏడు వరుసలు ఆరిపోయాయి. తిరుపతయ్య మళ్లీ అటక మీంచి గుండిగ దించాడు. కాంతమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని నేరుగా ఇంట్లోకే వచ్చింది.

"వదినె, ఆదివారం గోలి మింగుతున్నవా?"

"మింగుతున్న."

"నువ్వొకటి చెప్తున్నవ్, బాయొకటి చెప్తుంది."

"ఎండలు ముదిరినయి. దిగదా మరి?"

"పోయిన నెల ఎండల్ల ఎక్కింది గదా. నా మొకం చూసి చెప్పు."

జములమ్మ చూడలేదు. "పదకొండేండ్లు మింగాల్నంట. కడుపుల ఒకటే తిప్పుడు. నీ వంకాయల కోసం నేను పదకొండేండ్లు కక్కుకోవాల్నా?"

"ఎవరు చెప్పిండ్రు పదకొండేండ్లని?"

"నా బిడ్డ. లెక్కలల్ల ఫస్టు."

పరీక్షలు రాసి అప్పుడే ఇంటికి వచ్చిన స్వరూప గుమ్మంలో ఆగిపోయింది. సంచీ దించి, రెండు రిపోర్టులూ తీసుకుని బావి గట్టు మీదికి వెళ్లింది. గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టి లోపలికి చూసింది. దసరాకు తొమ్మిది వరుసలు. మొదటి కాయితంలో ఈఎస్ఆర్ తొంభై. ఫిబ్రవరిలో మూడున్నర వరుసలు. రెండో కాయితంలో ముప్పై నాలుగు. వరుసకు ఇంచుమించు పది. తను పట్టుకున్న గీత నాలుగంటే నాలుగు తగ్గింది. బావి దాని మాట వినే బావే అయితే బెత్తెడు కూడా ఎక్కేది కాదు.

ఆమె కాయితాలు మడుచుకుంది. తండ్రి దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాయినా, నా లెక్క కరెక్టే. పట్టిన గీతనే తప్పు."

మర్నాడు ముగ్గురూ కర్నూలు పోయారు. స్వరూప జరిగిందంతా చెప్పింది, బావి సంగతితో సహా. డాక్టరమ్మ వింటూనే జములమ్మ కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూసింది.

"నెత్తురును సన్నటి గాజు గొట్టంలో నిలబెట్టి గంటసేపు ఆగుతాం. ఎర్రది ఎంత కిందికి దిగిందో అదే ఈ ఈఎస్ఆర్. ఒంట్లో మంట ఎక్కువైతే తొందరగా దిగుతుంది."

"అంటే మా బాయి తీర్గ," అంది జములమ్మ.

"బావి తీరే. ఈ ఆర్ఏ ఫ్యాక్టర్ ఉందే, ఇది ఇంటిపేరు లాంటిది. జబ్బు ఏదో గుర్తుపట్టడానికి పనికొచ్చింది. తగ్గితే తగ్గుతుంది, లేకుంటే లేదు. ఎట్లున్నావని ఇంటిపేరును అడుగుతామా? అట్లని ఈఎస్ఆర్ ఒక్కదాన్నే నమ్మను. జ్వరం వచ్చినా పెరుగుతుంది."

"అవు, ఒక వానకాలం జరానికి రెండు వరసలు దిగింది," అన్నాడు తిరుపతయ్య.

డాక్టరమ్మ తలూపింది. "అందుకే నేను ముందు వేళ్లను అడుగుతా. పొద్దున లేచాక పిడికిలి పట్టడానికి ఎంతసేపు?"

"గోలి మింగినప్పుడు చాయ తాగేటంతసేపు. ఇప్పుడు ఎండ నడినెత్తికి వస్తుంది."

"మరి మానేటప్పుడు నాకొక మాట చెప్పకూడదా? వికారానికి మందు లేదనుకున్నావా?"

ఆ మందు కూడా రాసింది. ఈసారి కనకాంబరం మొదళ్లకు ఏమీ దక్కలేదు.

మే నెలలో చుట్టుపక్కల బావులు అడుగంటుతుంటే ఇది మాత్రం ఎక్కుతూ వచ్చింది. మడి దున్నే సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆశపడితే దిష్టి తగులుతుందని జములమ్మ ఊరుకుంది. దున్నమన్నది ఆమే కదా అని తిరుపతయ్య ఆముదం విత్తనాలు తెచ్చిపెట్టాడు. మిరుగు వచ్చినా చినుకు పడలేదు. ముందే దుక్కి చేసి పెట్టుకుందామని ఒక పొద్దున ఎడ్లను కట్టి పల్లానికి తోలుకుపోయాడు. వేడినీళ్లతో పని లేక కొన్నాళ్లుగా అతను బావిలోకి చూడటం మరిచిపోయాడు.

ఎడ్లు మడిలో అడుగు పెట్టి ఆగిపోయాయి. గిట్టలు బురదలోకి దిగిపోతున్నాయి. మేఘం లేదు, చినుకు లేదు. మొక్కల మొదళ్లలో నీళ్లు మెరుస్తున్నాయి. తలెత్తి చూస్తే రెండో వరుస తూములోంచి సన్నటి ధార పారుతోంది.

మడి ఆ చివర జములమ్మ చీర ఎగ్గట్టుకుని, తడి కాళ్లతో నిలబడి పూలు తెంపుతోంది. ఒడి సగం నిండింది.

"ఎప్పుడు లేచినవ్?"

"తెల్వదు. మెలుకువ వచ్చింది, లేచిన." ఆమె నాగలి వైపు చూసి మళ్లీ పూల వైపు తిరిగింది. "ఎడ్లను పక్కకు తోలు. మొక్కలు తొక్కుతున్నయి."

అతను కాడి దించాడు.

ఆ వారంలోనే మూడో రిపోర్టు వచ్చింది. జములమ్మ అరుగు మీద, దారం బొటనవేలికి తగిలించుకుని కూర్చుంది. స్వరూప కవరు విప్పింది.

"ఈఎస్ఆర్ పద్దెనిమిది."

"తెలిసిందే గదా. ఇంటిపేరు ఎంత?"

"నూట యాభై ఎనిమిది. రెండు పెరిగింది."

"గిట్లయితే ఎన్నేండ్లు?"

"ఈ లెక్కన ఎప్పటికీ కాదమ్మా."

"కాకపాయె," అని జములమ్మ ముడి బిగించింది.

గోడ మీద కాంతమ్మ తల లేచింది. "వదినె, జర తక్కువ బాగుపడు. వంకాయ మొదళ్లల్ల నీళ్లు నిలుస్తున్నయి."

"అయితే ఆదివారం గోలి మానుకోవాల్నా?"

"వద్దు తల్లీ. పార యాడుందో చెప్పు. కాలువ తీసుకుంట."

తిరుపతయ్య పార అందించాడు. జములమ్మ దండను మోచేతి దగ్గర పట్టి, కొలవడానికి చెయ్యి చాచింది. మూడేళ్లుగా వేళ్లు చాపలేక ఆమె మూర పొట్టిదైపోయింది. ఇప్పుడు నడిమి వేలి కొసదాకా కనకాంబరాలు పరుచుకున్నాయి.