జీనస్ చేతి పురి

మా రేవును మూసివేసిన రాజుగారి ఓడలకు మేమే తాళ్ళు పేనాలని టిల్‌స్టన్ దొర ఆజ్ఞాపించిన ఉదయం, ముసలి అసాహెల్ తన నడుముకు చుట్టుకున్న నారను విప్పి నేలమీద పెట్టాడు.

"నా కొడుకుల పడవలు ఒడ్డున ఎండిపోతున్నాయి దొరా. ఈ తాడు నేను పేనను."

దొర చేతికర్ర అతని చెవిమీద పడింది. నలభై ఏళ్ళు తన తాళ్ళ పాకలో పనిచేసినవాణ్ణి మెడపట్టి గెంటించాడు. ముప్పైమందిమీ చూస్తూ నిలబడ్డాం.

అప్పటికి నాకు పదిహేడేళ్ళు. ఒప్పందపత్రం ప్రకారం ఇంకా నాలుగేళ్ళు దొరకు కట్టుబడి పని నేర్చుకోవాలి. నాతోపాటే చేరిన జీనస్‌ను పనివాళ్ళు "తమ్ముడూ" అనేవారు. నన్ను "ఒరేయ్ లెమ్" అనేవారు. రాట్నానికి నార తగిలించి వెనక్కి నడుస్తుంటే అతని చేతిలో పోగు వెంట్రుకలా సమంగా సాగేది. ఆ వేళ్ళను మూడేళ్ళు అసూయతో పరిశీలించాను. ఎవరూ లేనప్పుడు అలాగే పేని చూసుకునేవాణ్ణి.

మధ్యాహ్నం తారు కాచే పొయ్యి వెనక అందరం చేరాం.

"పని మానేద్దాం," అన్నాడు ఒకడు.

"మానెయ్, సగం కూలికే ఈ పని చెయ్యడానికి సిపాయిలొస్తారు," అన్నాడు మాకు పని నేర్పిన హైరమ్.

"పేనుదాం," అన్నాడు జీనస్. "కాకపోతే లోపలి పోగులకు పురి వదులుగా పెడదాం. పైకి నున్నగానే ఉంటుంది."

"అలా పేనగలిగేవాడివి నువ్వొక్కడివే కదరా తమ్ముడూ!" అంటూ హైరమ్ అతని వీపు తట్టాడు. ఆ ఆలోచన నాకెందుకు రాలేదని నా కడుపు మండిపోయింది.

మూడు వారాలకు ఒక యుద్ధనౌక లంగరు తాడు తెగి, ఓడ ఇసుకమేటలో కూరుకుపోయింది. అది దైవహస్తమన్నాడు పాదిరి. నేను బరువులు వేలాడదీసి చూసినవాణ్ణి: పురి వదులైన తాడు సగం బరువుకే తెగుతుంది. దైవం ప్రమేయం నాకు కనబడలేదు.

దొర కూడా నాలాగే ఆలోచించాడు. తెగిన కొసతో, సిపాయిలతో వచ్చాడు. చేతిరాతలాగే ఎవరి పురి వారిదే. మా పనిలో అది దాగదు.

"లెమ్, ఈ చెయ్యి ఎవరిదో నీకు తెలుసు. చెప్పు. నీ ఒప్పందపత్రం ఇప్పుడే చించేస్తా. రేపట్నుంచి నువ్వు పూర్తి పనివాడివి."

ఒక్క పేరు చెబితే చాలు. జీనస్ ఉండడు, నేనే మొదటివాణ్ణి. ఆ పేరు నా నాలుక చివరకు వచ్చిందని దాచను.

జీనస్ ముందుకొచ్చాడు. "దొరా, అది..."

"నోర్ముయ్‌రా!" అని అరిచాను. "పేరంతా నీకేనా? ఇదొక్కటైనా నాకు వదులు!"

నార నడుముకు చుట్టుకుని, రాట్నానికి తగిలించి, ఇరవై అడుగులు వెనక్కి నడిచాను. పేనిన పోగును తెగిన కొస పక్కన పెట్టాను. దొర రెంటినీ నలిపి, విప్పి, మళ్ళీ నలిపాడు. తేడా దొరకలేదు.

"నాదే," అన్నాను.

"వీడికి నేర్పింది నేను. నన్నూ కట్టండి," అన్నాడు హైరమ్. ఒక రాట్నం ఆగింది. తర్వాత మరొకటి. కాసేపటికి ఆ పొడవాటి పాకలో నా ఊపిరి నాకే వినబడింది.

సిపాయిలు నన్నొక్కణ్ణే పట్టుకుపోయారు. బతుకంతా వెనక్కి నడిచిన మిగతా ఇరవైతొమ్మిదిమందీ నా వెంట ముందుకు నడిచారు. చెవికి గుడ్డ కట్టుకున్న అసాహెల్ దారిలో కలిశాడు. అందరికన్నా ముందు జీనసే ఉన్నాడు. అది చూసి కూడా నాకు మంటే.

జైలు తలుపు మూసుకుంటుంటే అతను అరిచాడు: "ఒరేయ్ లెమ్! నీ పోగు నాదానికంటే నున్నగా వచ్చిందిరా!"

ఆ వెంటనే అరవై పిడికిళ్ళు తలుపును బాదడం మొదలుపెట్టాయి.