దిగుడులో న్యూట్రల్

బాచుపల్లిలో తేజస్విని ఆఫీసు క్యాబ్ ఎక్కేసరికి బ్యాటరీ మీటరు మీద తొమ్మిది శాతమే ఉంది. తెల్లవారుజామున కరెంటు పోయి చార్జింగ్ మధ్యలో ఆగిపోయిందని డ్రైవర్ ప్రవీణ అప్పుడే చూసుకుంది. గచ్చిబౌలి ఆఫీసు దాకా అది సరిపోతే సరిపోయినట్టు, లేకపోతే లేనట్టు.

క్యాబ్‌ల యజమాని శివశంకర్ ముందే తేల్చి చెప్పాడు. మొదటి వారంలో ఎలక్ట్రిక్ కారు దారిలో ఒక్కసారి ఆగినా, రూటు మళ్లీ పాత డ్రైవర్ మొగిలి డీజిల్ కారుకే. ఎందుకైనా మంచిదని మొగిలిని వెనకే పంపాడు కూడా. పట్టుబట్టి ఆ కారు అడిగి తీసుకున్నది ప్రవీణ. ఆమెకు డ్రైవింగ్ నేర్పింది మొగిలి.

దాచడం ఇష్టంలేక ఆమె సంగతంతా తేజస్వినికి చెప్పి, కావాలంటే వెనక కారులోకి మారమంది. ఆ కర్నూలు పిల్ల ల్యాప్‌టాప్ సంచి ఒళ్లో సర్దుకుని, "యాడా దిగను. పోనీ అక్కా," అంది.

ఏసీ ఆపేశారు. మియాపూర్ దాటేసరికి ఆరు శాతం. సిగ్నల్ దగ్గర మొగిలి పక్కకొచ్చి అద్దం దించాడు.

"ఏంది బిడ్డా, ఇస్త్రీపెట్టె సల్లబడ్డదా?"

"నీ పొగ మింగలేక ముందుకు పోతున్న కాకా."

నవ్వింది గానీ కళ్లు మీటరు మీదే ఉన్నాయి. కొత్తగూడ ఫ్లైఓవర్ మీదికి వచ్చేసరికి మూడు. దిగుడు మొదలవగానే ఆమె చెయ్యి తనంతట తానే గేరును న్యూట్రల్‌లోకి తిప్పింది. మొగిలి నేర్పిన మొదటి పాఠం అది. దిగుడు కనబడితే న్యూట్రల్ కొట్టు, డీజిల్ మిగులుతుంది.

బ్రేకు మీద కాలు పెట్టగానే తట్టింది. ఇది డీజిల్ బండి కాదు. దిగుడులో చక్రాలు తిరిగినంతసేపూ తనే చార్జింగ్ చేసుకుంటుంది, న్యూట్రల్‌లో తప్ప. పొద్దుటినుంచీ ప్రతి దిగుడులోనూ దొరికేదాన్ని తన చేత్తో తానే పారబోసింది.

గేరు డ్రైవ్‌లో పెట్టి యాక్సిలరేటర్ వదిలింది. కారు తనే నెమ్మదించింది. ఆ తర్వాత ముందు ఆటోలు ఆగబోతున్నాయనిపిస్తే చాలు, బ్రేకు దాకా పోకుండా కాలు తీసేసింది. మూడు మూడుగానే నిలబడింది. చాలా దూరం పోయాక రెండయింది. తేజస్విని ముందుకు వంగి ఆ అంకెనే చూస్తోంది.

ఆఫీసు ఆవరణలో చార్జింగ్ పాయింటు ముందు కారు ఆగినప్పుడు, ఒకటి.

వెనకే వచ్చిన మొగిలి దిగీ దిగకముందే అతని ఫోను మోగింది. శివశంకర్. ప్రవీణ ప్లగ్గు పట్టుకుని నిలబడిపోయింది. కారు ఎక్కడో మొరాయించిందని మొగిలి ఒక్క మాట అంటే చాలు, రూటు అతనిది.

"నడుమల ఏడా ఆగలె సార్," అన్నాడు మొగిలి, ఆమెనే చూస్తూ. "నా దగ్గర నేర్చుకున్న పిల్ల. నేనే ఎనకబడ్డ." గొంతు తగ్గించాడు. "ఇంకో కరెంటు బండి ఎప్పుడొస్తది సార్?"

ప్రవీణ ప్లగ్గు పెట్టింది. వరసగా నిలిపిన డీజిల్ క్యాబ్‌ల డ్రైవర్లు ఒక్కొక్కరే దగ్గరికి వస్తుంటే, తలెత్తి నడిచి వెళ్లి తన కారు బానెట్ తెరిచి చూపించింది.