ముత్తక్క తూటాలు

కొత్తగూడెం దగ్గర పోలీసుల ఫైరింగ్ మైదానంలో ముత్తక్క ఐదుసార్లు ట్రిగ్గర్ నొక్కితే పిస్టల్ రెండుసార్లే పేలింది. మిగతా మూడుసార్లూ ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు చేసి ఊరుకుంది. పక్కన నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ పేలని తూటాలను అరచేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"పాతవైపోయినయమ్మా. చెమ్మ పట్టినయి. ఎక్కడ దాస్తున్నవ్?"

"బియ్యం డబ్బాల."

"వానాకాలమంతా దాంట్లనేనా?"

"ఇంకెక్కడ దాస్త సారు? గడ్డి కప్పిన ఇల్లు నాది."

ఆయన విసుక్కోలేదు. పెద్ద తుపాకుల తూటాకు నిప్పంటించే మందు అడుగున నడిమధ్యలో ఉంటుందనీ, ఈ ఇరవై రెండు బోరు తూటాకు మాత్రం అడుగు అంచులో పల్చగా ఉంటుందనీ, ఆ అంచులో ఎక్కడ మందు సరిగ్గా లేకపోయినా అక్కడ దెబ్బ పడితే పేలదనీ చెప్పాడు. "కొత్తవి కొనుక్కో. వీటిని నమ్ముకుని ఉండకు" అన్నాడు.

ముత్తక్క తలూపి పిస్టల్‌ను గుడ్డసంచిలో పెట్టుకుని, సంచిని నడుముకు కట్టుకుని, చీర కొంగు మీదకు లాక్కుంది. ఆ పని ఆమె చేతులు వాటంతటవే చేసుకుపోతాయి.

ఆమెది ములకలపల్లి మండలంలో అడవిని ఆనుకుని ఉన్న కోయగూడెం. భర్త పోతయ్య బీడీ ఆకు కల్లం చూసుకునేవాడు. పోలీసులకు కబుర్లు చేరవేస్తున్నాడని అడవిలోని దళంవాళ్ళు ఒకరోజు కల్లం మీది నుంచే అతన్ని వెంటబెట్టుకుపోయారు. మనిషి తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. ముత్తక్క స్టేషన్‌కు వెళ్ళి తను గుర్తుపట్టిన వాళ్ళ పేర్లు చెప్పింది. అందులో పక్క గూడెం దూలయ్య పేరు ఒకటి. ఆ తర్వాత ఆమెను హెచ్చరిస్తూ గోడల మీద కాగితాలు వెలిశాయి. అప్పటి అధికారి ఒకాయన పూనుకుని ఆమెకు లైసెన్సు ఇప్పించాడు. బొగ్గుగనిలో రిటైరైన ఆఫీసరు అమ్మేసిన చిన్న పిస్టల్ ఆమె పేరు మీదకు మారింది. అరచేతిలో ఇమిడేది, కాల్చినా మణికట్టు అదరనిది.

అప్పటినుంచీ ఇప్పపూలకు పోయినా, ఆకు కోతకు పోయినా, బోరింగు కాడికి పోయినా అది నడుము మీద ఉండాల్సిందే. ఇన్నేళ్ళలో ఎవరి మీదా ఎత్తింది లేదు. దాని బరువుకు కుడి తుంటి మాత్రం చలికాలంలో నొప్పి పెడుతుంది.

"ఇప్పుడెందుకు వదినా ఈ తూటాల గోల?" అన్నాడు గోపాలు, తిరుగు ప్రయాణంలో బస్సులో. అతను పోతయ్య తమ్ముడు. అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లో ట్రాక్టర్ నడుపుతాడు. వదినకు పని పడితే సెలవు పెట్టి వెంట వస్తాడు. "అడవిల ఎవ్వరు లేరిప్పుడు. గుంపులు గుంపులుగ లొంగిపోతున్నరు. టీవీల సూపెడ్తలేరా?"

"లొంగినోళ్ళు ఏడికి పోతరు గోపాలూ?"

"ఏడికేంది? ఎవరి ఇండ్లకు వాళ్ళు పోతరు."

"గదే. దూలయ్య గూడ లొంగిండంట. అడవిల ఉన్నన్ని రోజులు నాకు దూరంగనే ఉన్నడు. ఇప్పుడు పక్క గూడేనికి వస్తడు. స్టేషన్ల పేరు చెప్పింది నేనే అని వానికి తెల్వదా?"

"గట్లయితే ఖమ్మం పోయి కొత్తవి కొందాం" అన్నాడు గోపాలు.

ఆ వారంలోనే ఇద్దరూ ఖమ్మం పోయారు. లైసెన్సు వచ్చిన కొత్తలో తూటాలు కొన్న దుకాణం ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపుగా మారింది. అందులోని వాళ్ళకు పాత దుకాణం సంగతే తెలియదు. వాళ్ళనూ వీళ్ళనూ అడిగి, ఎండలో తిరిగి, చివరికి ఒక సందులో మేడమెట్ల కింద ఇంకో దుకాణం పట్టుకున్నారు. యజమాని వెంకటేశ్వరరావు ముసలివాడు. గోడకున్న తుపాకుల కంటే ఖాళీ కొక్కేలే ఎక్కువ.

ఆయన లైసెన్సు చూసి, పిస్టల్ విప్పి, దీపం కింద పట్టుకున్నాడు. "నూనె గడ్డకట్టింది. తూటాను కొట్టే మొల కూడా మెత్తగా కొడుతోంది. నేను శుభ్రం చేసిస్తాను. తూటాలు మాత్రం లేవమ్మా."

"ఒక్క డబ్బా గూడ లేదా సారు?"

"ఉంది." బీరువాలోంచి మాసిపోయిన డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది నీ పాతవాటికంటే పాతది. అమ్మొచ్చు, నువ్వు కొనొచ్చు. అవసరమొచ్చిన రోజు పేలకపోతే నన్ను తిట్టుకోవడానికి నువ్వుండవు." మళ్ళీ బీరువాలో పెట్టేశాడు. ఈ రకం ఇప్పుడు ఎక్కువగా పోటీల్లో కాల్చే పిల్లలు కొంటారనీ, వచ్చిన సరుకు వచ్చినట్టే హైదరాబాదులో అయిపోతుందనీ చెప్పాడు. "అక్కడ అడుగు. నేనూ చెప్పిపెడతాను."

హైదరాబాదు దుకాణంలో చల్లటి గది, అద్దాల బల్లలు. అక్కడి కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. తూటాలు ఉన్నాయి. కానీ లైసెన్సు మీద ఖమ్మం జిల్లా అని ఉంది, ఆధార్ మీద భద్రాద్రి కొత్తగూడెం అని ఉంది.

"మేం ఊరు మారలే బిడ్డా," అంది ముత్తక్క. "జిల్లానే మారింది."

"అర్థమైందమ్మా. ఆ మాటే లైసెన్సులో రాయించుకురండి. లేకపోతే మాకు ఇబ్బంది."

సాయంత్రం బస్సు దొరికేదాకా స్టాండులో కూర్చున్నారు. గోపాలు టీ తెచ్చిచ్చాడు. ముత్తక్క గ్లాసు పట్టుకుని తాగడం మరిచిపోయింది. తన ప్రాణం కాపాడుకోవడానికి ఇంత తిరగాలా, ఇంత తిరిగి కాపాడుకుని చేసేదేముంది అనిపించింది. ఆ మాట గోపాలుతో అనలేదు. అంటే వాడు భయపడతాడు.

జిల్లా పేరు మార్పించుకోవడానికి చలికాలమంతా పట్టింది. కొత్తగూడెం ఆఫీసుకు పోతే సంతకం పెట్టేవారు మీటింగులో ఉండేవారు, లేదంటే పాత ఫైలు ఖమ్మం నుంచి ఇంకా రాలేదనేవారు. ఒక్కోసారి ఆమె వరండాలో గోడకు ఆనుకుని నిద్రపోయేది. అక్కడి అటెండరు నాగక్క లేపి మంచినీళ్ళిచ్చి, "రేపు రా అక్కా" అనేది.

ఈలోగా దూలయ్య వచ్చేశాడు. ములకలపల్లి సంతలో ముత్తక్క అతన్ని దూరం నుంచి చూసింది. ఉప్పు కొంటున్నాడు. జుట్టు నెరిసింది, ఎడమకాలు ఈడ్చి నడుస్తున్నాడు. ఆమె కొనాల్సినవి కొనకుండానే వెనుదిరిగింది. సంచిలో ఉన్నవి ఆ పాత తూటాలే. పేలితే పేలతాయి, లేకపోతే లేదు. ఆ రోజునుంచి ఆమె రాత్రిపూట వాకిట్లోకి రావడం మానేసింది.

ఇప్పపూలు రాలడం మొదలైనప్పుడు వెంకటేశ్వరరావు ఫోన్ చేశాడు. "కొత్త సరుకు వచ్చింది. నీ కోసం ఒక డబ్బా పక్కన పెట్టాను. జిల్లా పేరు సంగతి హైదరాబాదువాళ్ళు చెప్పారు, అది మారిందా?"

"మారింది సారు."

తూటాలు తెచ్చుకుని మళ్ళీ మైదానానికి పోయింది. ఈసారి అన్నీ పేలాయి. హెడ్ కానిస్టేబుల్ ఇంకొన్ని నింపమన్నాడు, అవీ పేలాయి. "ఇగ ఫికరు లేదు" అన్నాడు. గోపాలు మొహం వెలిగింది. ముత్తక్క మాత్రం పిస్టల్ సంచిలో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ నడుముకు కట్టుకుని తిరిగింది పేలుతుందో లేదో తెలియని వస్తువు. ఇప్పుడు నొక్కితే ఎదుటి మనిషి పోతాడు. ఆ సంగతి ఆమెకు ధైర్యం ఇవ్వలేదు.

తర్వాత కొద్దిరోజులకు, పొద్దెక్కిన వేళ, ఆమె వాకిట్లో ఇప్పపూలు ఎండబోస్తుంటే దడి అవతల ఎవరో దగ్గారు. తలెత్తి చూస్తే దూలయ్య.

ఆమె చెయ్యి కొంగు కిందికి పోయింది. పిస్టల్ బయటికి వచ్చింది. దూలయ్య కదల్లేదు. రెండు చేతులూ దడి మీద కనబడేలా పెట్టాడు.

"కాలుస్తవా అక్కా?" అని కోయలో అడిగాడు.

"ఎందుకొచ్చినవ్?"

"పోతయ్యన్నను పాతిపెట్టిన చోటు చూపించనీకి వచ్చిన. అది తెలిసినోళ్ళం ముగ్గురం. ఇద్దరు పోయిండ్రు. నేను గూడ పోతే ఎవ్వరికి తెల్వదు. చూపించినంక నీ ఇష్టం."

గోపాలు పనిలో ఉన్నాడు. గూడెంలో ముసలివాళ్ళు తప్ప ఎవరూ లేరు. అతన్ని నమ్మాలో లేదో ఆమెకు తెలియలేదు. కానీ పోకుండా ఉండలేనని మాత్రం తెలిసింది.

"ముందు నడు" అంది.

దూలయ్య కాలు ఈడ్చుకుంటూ ముందు నడిచాడు. ఆమె పిస్టల్ పట్టుకుని వెనక నడిచింది. పోడు చేలు దాటి, ఎండిన వాగులో దిగి, అవతలి గట్టెక్కారు. ఆ చోటు గూడేనికి అంత దగ్గర. ఆకు కోతకు వచ్చినప్పుడల్లా ఆమె ఆ వాగులోనే చెలమ తీసుకుని నీళ్ళు తాగేది.

ఏగిస చెట్టు పక్కన కొన్ని రాళ్ళు పేర్చి ఉన్నాయి. వాటి మీద తీగలు అల్లుకున్నాయి.

"నక్కలు తవ్వకుండ నేనే పేర్చిన" అన్నాడు దూలయ్య.

ముత్తక్క రాళ్ళ మీది తీగలను ఒక చేత్తో పక్కకు తీసింది. ఆ తర్వాత అడిగింది.

"ఆయన నిజంగ చెప్పిండా పోలీసులకు?"

"లేదు." దూలయ్య నేల చూపులు చూశాడు. "చెప్పింది వేరేటోడు. మాకు తర్వాత తెలిసింది."

"తెలిసి గూడ గోడల మీద కాగితాలు పెట్టిండ్రా నాకు?"

అతను వంగి, జారిపోయిన రాయి ఒకటి తీసి పైన పెట్టాడు.

"ఏమన్న అన్నడా చివరికి?"

"నీళ్ళడిగిండు. ఇచ్చినం. ఇంటిదానికి చెప్పకుండ వచ్చిన, ఎదురు చూస్తదన్నడు."

ముత్తక్క పిస్టల్ ఎత్తింది. అంత దగ్గరలో గురి తప్పే వీలు లేదు. దూలయ్య కళ్ళు మూసుకున్నాడు. అతని గొంతు దగ్గర ముడతలు పడ్డ చర్మం కదలడం ఆమెకు కనిపించింది. బతికి ఉంటే పోతయ్యకూ ఇదే వయసు. ఉన్నట్టుండి భుజం లాగేసినట్టు నొప్పి పుట్టింది. ఇతన్ని చంపితే మళ్ళీ స్టేషను, మళ్ళీ కోర్టు, మళ్ళీ ఆఫీసుల వరండాలు, మళ్ళీ ఇంకెవరికో భయపడడం. అదంతా మొయ్యడానికి తనలో ఏమీ మిగల్లేదని ఆమెకు తెలిసిపోయింది.

"నువ్వు పో" అంది.

"అక్కా..."

"నిన్ను మాఫ్ చెయ్యలే. చెయ్యను గూడ. ఇప్పుడు పో ఈడనుంచి."

అతను పోయాక ఆమె రాళ్ళ పక్కన కూర్చుని ఏడ్చింది. ఎవరూ వినరు కాబట్టి గొంతెత్తి ఏడ్చింది. చీకటి పడకముందే గోపాలు వెతుక్కుంటూ వచ్చాడు. వాకిట్లో పూలు అలాగే వదిలేసి వదిన ఎటో పోయిందని ముసలివాళ్ళు చెప్పారట. ఆమె ఏమీ చెప్పకుండా రాళ్ళవైపు చూపించింది. గోపాలు అర్థమై కూలబడ్డాడు.

మర్నాడు పోలీసులకు చెప్పారు. తహసీల్దారు, డాక్టరు వచ్చి తవ్వించారు. దూలయ్య వాళ్ళకు కూడా అదే మాట చెప్పి సంతకం పెట్టాడు. ఎముకలు చేతికి రావడానికి ఇంకొంత కాలం పట్టింది. అవి వచ్చాక ముత్తక్క స్టేషన్‌కు పోయి పిస్టల్, తూటాలు బల్ల మీద పెట్టింది. ఇంకా భయం ఉంటే ఉంచుకోమన్నాడు ఎస్సై.

"భయం ఉన్నది సారు. అయితే దీన్ని మొయ్య చాతనైతలే" అంది.

కర్మ రోజున గూడెం అంతా కలిసి పోతయ్య పేరు మీద రాయి నిలబెట్టారు. డోలు మోగింది. పెద్దలు రాతికి పసుపు పూశారు, ఇప్పసారా పోశారు. దూలయ్య వచ్చి దూరంగా, చేను గట్టు మీద నిలబడ్డాడు. కుర్రవాళ్ళు అతన్ని తరమబోతే ముత్తక్క వద్దంది. దగ్గరికి రమ్మని కూడా అనలేదు. భోజనాలు అయిపోయాయి, చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు పోయారు. అతను మాత్రం గట్టు మీద అలాగే ఉన్నాడు.

"ఏం జేద్దాం వదినా?" అని అడిగాడు గోపాలు.

ముత్తక్క కడిగిన కుండలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటోంది. తలెత్తి గట్టువైపు ఒకసారి చూసింది.

"కుంటికాలు. పొద్దు పోతున్నది," అంది. "ఇంటికి పొమ్మను."

కుండలు నెత్తికెత్తుకుని, గోపాలు ఆ మాట చెప్పి వచ్చేదాకా ఆగకుండా, ఇంటిదారి పట్టింది.